సీనియర్ ఇయర్‌లో (పన్నెండో తరగతిలో) గ్రేడ్లు జారాయా? అమెరికా కాలేజీ అప్లికేషన్లు ఇంకా తేలకముందు ఏం చేయాలి

నవంబర్ రెండో వారంలో ఒక రాత్రి స్కూల్ పేరెంట్ పోర్టల్ తెరిచాను. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాల్క్యులస్ పక్కన 72 అని ఉంది. తొమ్మిదో తరగతి నుంచి లెక్కల్లో 93 కంటే తగ్గని పిల్లాడు. ఎర్లీ అప్లికేషన్లు పంపి పది రోజులు కూడా కాలేదు. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాం, కానీ ఈ దేశంలో కాలేజీ అడ్మిషన్ ఎలా నడుస్తుందో మాకు పుస్తకంలో చదివినంత మాత్రమే తెలుసు. ఎంసెట్ రాసి, ర్యాంకు చూసుకుని, కౌన్సెలింగ్‌కు వెళ్లిన తరం మాది. అక్కడ ఒక్క పరీక్షతో లెక్క తేలిపోతుంది. ఇక్కడ సీటు వచ్చిన తర్వాత కూడా జూన్ దాకా ఆ సీటు షరతుల మీదే నిలబడి ఉంటుందని ఆ రాత్రే మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మేం నేర్చుకున్నవి, మా వీధిలో మరో రెండు కుటుంబాలు నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాను. మీ పిల్లల గ్రేడ్లు జారుతుంటే కంగారుపడి ఏదో ఒకటి చేసేయకుండా వరసగా ఏం చేయాలో ఇందులో ఉంది.

ముందు ఇది తెలుసుకోండి: సీనియర్ గ్రేడ్లు కాలేజీకి ఎప్పుడు చేరతాయి

అప్లికేషన్ వెళ్లేటప్పుడు దానితో 9, 10, 11 తరగతుల గ్రేడ్లు, పన్నెండులో తీసుకున్న కోర్సుల పేర్లు మాత్రమే వెళ్తాయి. ఆ తర్వాత మూడు సందర్భాల్లో సీనియర్ గ్రేడ్లు బయటికి వస్తాయి.

మొదటిది ఫస్ట్ క్వార్టర్. మామూలు (రెగ్యులర్) గడువుకన్నా ముందే ఎర్లీ డెసిషన్ (సీటు ఇస్తే చేరి తీరాలి), ఎర్లీ యాక్షన్ (ఆ కట్టుబాటు లేదు) వేసినవాళ్ల క్వార్టర్ గ్రేడ్లను కొన్ని కాలేజీలు అడుగుతాయి, కొన్ని స్కూళ్లు అడక్కపోయినా పంపుతాయి. మీ స్కూల్ పద్ధతి ఏమిటో కౌన్సెలర్‌నే అడగాలి.

రెండోది మిడ్ ఇయర్ రిపోర్ట్. మొదటి సెమిస్టర్ ముగిశాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే అప్లికేషన్ పంపే వెబ్‌సైట్) ద్వారా స్కూల్ కౌన్సెలర్ దీన్ని పంపుతారు. రెగ్యులర్ డెసిషన్ అప్లికేషన్లు చదివే రోజుల్లో ఇది వాళ్ల చేతికి అందుతుంది. డిసెంబర్‌లో డిఫర్ అయిన (నిర్ణయం వాయిదా పడిన) పిల్లలకైతే ఫైల్లో కొత్తగా చేరే ముఖ్యమైన కాగితం ఇదే. ఎంఐటీకి సొంత అప్లికేషన్ ఉంది. అక్కడ ఫిబ్రవరిలో విద్యార్థే ఒక అప్‌డేట్ ఫారం నింపి మిడ్ ఇయర్ గ్రేడ్లు ఇవ్వాలి.

మూడోది ఫైనల్ రిపోర్ట్. జూన్‌లో గ్రాడ్యుయేషన్ అయ్యాక, చేరబోయే ఒక్క కాలేజీకే వెళ్తుంది. సీటు వచ్చేసింది కదా అని ఏప్రిల్, మే నెలల్లో చేతులు ఎత్తేసే పిల్లల్ని ఇదే పట్టిస్తుంది. ఆ నిర్లక్ష్యానికి ఇక్కడి వాళ్లు పెట్టుకున్న పేరు సీనియరైటిస్.

కామన్ యాప్ చివర్లో విద్యార్థి సంతకం చేసే చోట ఒక వాక్యం ఉంటుంది. సీటు ఇచ్చినా అది షరతులతోనే అనీ, ఏ స్థాయి చదువు చూసి సీటు ఇచ్చారో ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లోనూ (స్కూల్ ఇచ్చే గ్రేడ్ల రికార్డులోనూ) అదే స్థాయి కనిపించాలనీ దాని సారాంశం. మా వాడు దాన్ని చదవకుండానే సంతకం చేశాడు. చాలామంది పిల్లలు అంతే చేస్తారని నా అనుమానం. ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఆ వాక్యం చదివించండి.

మొదటి మెట్టు: పిల్లవాడితో మాట్లాడటం, అరవకుండా

ఆ రాత్రి మా వాణ్ణి నిద్రలేపి మరీ అడిగాను. అది తప్పు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మూడు రోజులు వృథా.

నాలుగో రోజు కారులో వెళ్తుండగా వాడే చెప్పాడు. సెప్టెంబర్ నుంచి పదకొండు కాలేజీలకు ఎస్సేలు రాస్తూ రాత్రి రెండు దాకా కూర్చుంటున్నాడు. కాల్క్యులస్ మొదటి పీరియడ్, క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక టెస్ట్ పోయింది, దాన్ని మళ్లీ రాసుకునే అవకాశం ఉన్నా టీచర్‌ని అడగడానికి మొహమాటపడ్డాడు. నేను అనుకున్నది ఫోను, వీడియో గేములు. కారణం తెలియకుండా మందు వేయలేం కదా.

మన ఇళ్లలో తరచూ కనిపించే కారణాలు కొన్ని చెబుతాను. ఎస్సేల భారం. ఒకేసారి ఐదు ఆరు ఏపీలు తీసుకోవడం. డిసెంబర్‌లో ఇండియాలో పెళ్లికని మూడు వారాలు వెళ్లి సెమిస్టర్ చివరి పరీక్షల ముందు పాఠాలు పోగొట్టుకోవడం. ఇంట్లో జబ్బు, ఉద్యోగం పోయిన టెన్షన్, వీసా భయం. ఇంకా లోతైనది: డిప్రెషన్, యాంగ్జైటీ. పిల్ల తిండి మానేసినా, నిద్ర తలకిందులైనా, బతకాలని లేదన్నట్టు ఒక్క మాటన్నా గ్రేడ్ల సంగతి పక్కన పెట్టండి. 988కి (ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నవాళ్ల కోసం అమెరికా హెల్ప్‌లైన్) ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, ఏ వేళలోనైనా పలుకుతారు. పీడియాట్రిషన్ దగ్గరికి వెళ్లండి. బంధువులు ఏమనుకుంటారో అని దీన్ని దాచిన ఇల్లు ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. అప్లికేషన్లు మళ్లీ వచ్చే ఏడాదైనా వేయొచ్చు.

రెండో మెట్టు: ఏ దశలో ఉన్నారో గుర్తించండి

ఒకే సి గ్రేడ్ అక్టోబర్‌లో ఒకలా, మేలో ఇంకోలా పనిచేస్తుంది.

అప్లికేషన్ ఇంకా పంపలేదంటే మీ చేతిలో అవకాశం ఉంది. ఎర్లీలో వేద్దామనుకున్న కాలేజీని రెగ్యులర్‌కి మార్చుకోవచ్చు. నవంబర్ 1 బదులు జనవరి మొదటి వారం గడువైతే గ్రేడ్లు కోలుకోవడానికి రెండు నెలలు దొరుకుతాయి. పన్నెండులో గ్రేడ్లు పెరుగుతున్న పిల్లలకు కూడా ఇదే మాట. వాళ్లకు మిడ్ ఇయర్ రిపోర్ట్ మేలే చేస్తుంది.

ఎర్లీ డెసిషన్ వేసి ఫలితం కోసం చూస్తుంటే, డిసెంబర్ మధ్యలో తేలుతుంది. అప్పటికి వాళ్ల ముందు ఉండేది మహా అయితే ఫస్ట్ క్వార్టర్. సీటు వస్తే అది కట్టుబడి తీరాల్సిన ఒప్పందం, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ ఒక్క సీటు మీదే ఆధారపడి ఉంటారు, మొదటి సెమిస్టర్ గ్రేడ్లేమో ఆ తర్వాత వస్తాయి. అందుకే ఎర్లీ డెసిషన్‌లో సీటు వచ్చిన పిల్లలే రెండో సెమిస్టర్‌లో మరీ జాగ్రత్తగా ఉండాలంటాను.

డిఫర్ అయితే, మిడ్ ఇయర్ రిపోర్ట్ మీద చాలా ఆధారపడుతుంది. డిఫర్ అంటే కాదన్నట్టు కాదు, ఇంకాస్త చూస్తామన్నట్టు. వాళ్లు చూసేది ఈ గ్రేడ్లనే.

సీటు వచ్చి డిపాజిట్ కట్టేశారంటే చిన్న తగ్గుదలకు భయం లేదు, పెద్ద తగ్గుదలకు ఉంది. ఏది చిన్న, ఏది పెద్ద అన్నది కింద చెబుతాను.

వెయిట్‌లిస్ట్‌లో ఉంటే రెండో సెమిస్టర్ కూడా లెక్కలోకి రావచ్చు. మే తర్వాత పిలిచినప్పుడు తాజా గ్రేడ్లు అడగడం మామూలే.

మూడో మెట్టు: తగ్గుదల ఎంతో అంకెల్లో చూసుకోండి

భయం ఎప్పుడూ అంకెకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. కాగితం తీసుకుని లెక్క వేయండి.

మొదటి లెక్క, సెమిస్టర్ గ్రేడ్ ఇంకా కాపాడుకోగలమా అని. మా వాడి స్కూల్లో రెండు క్వార్టర్లకు చెరో 40 శాతం, మిడ్‌టర్మ్‌కి 20 శాతం. మొదటి క్వార్టర్ 72 అంటే చేతికి వచ్చింది 28.8. సెమిస్టర్‌లో 80 చేరాలంటే మిగిలిన 60 శాతంలో 51.2 తెచ్చుకోవాలి, అంటే సగటున 85 దాటాలి. కష్టమే, అసాధ్యం కాదు. ఈ అంకె చూశాక మా వాడి మొహంలో మార్పు వచ్చింది. అప్పటిదాకా అంతా అయిపోయిందనే అనుకున్నాడు.

రెండో లెక్క, మొత్తం జీపీఏ (4 పాయింట్ల లెక్కలో గ్రేడ్ల సగటు). మూడేళ్లలో 24 క్రెడిట్లు (ఏడాది కోర్సుకు ఒకటి), సగటు 3.8 అనుకోండి. అది 91.2 పాయింట్లు. పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్‌లో ఏడు సగం క్రెడిట్ కోర్సుల్లో సగటు 3.0కి పడిపోయిందంటే మరో మూడున్నర క్రెడిట్లకు 10.5 పాయింట్లు. మొత్తం 101.7ను 27.5తో భాగిస్తే 3.7. అంటే మొత్తం జీపీఏ ఒక్క పదో వంతే తగ్గింది. దీన్ని చూసి ఊరట పడేవాళ్లు ఉంటారు. కానీ అడ్మిషన్ ఆఫీసర్ మొత్తం సగటు ఒక్కటే చూసి వదిలేయరు. ఆ సెమిస్టర్ వరసను విడిగా చూస్తారు. ఏ గ్రేడ్లు ఉన్న చోట బి, సి గ్రేడ్లు వచ్చాయా, ఎన్ని, ఏ సబ్జెక్టులో అన్నది చూస్తారు.

నా అంచనా ఇది, కౌన్సెలర్లతో మాట్లాడి ఏర్పరచుకున్నది. ఒక ఏ గ్రేడు కాస్తా బి అయితే ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు ఏ గ్రేడ్లు బి అయితే పోటీ బాగా ఉన్న కాలేజీల్లో, ఇంకా నిర్ణయం కాని దశలో, నష్టం ఉండొచ్చు. సీటు వచ్చాక అయితే సాధారణంగా ఏమీ కాదు. ఒక సి వస్తే కారణం చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. ఇంజనీరింగ్‌కి వేసినవాళ్లకి కాల్క్యులస్‌లో సి, ఆర్ట్ హిస్టరీలో సి ఒకటి కావు. రెండు మూడు సీలు లేదా ఒక్క డి ఉంటే సీటు వచ్చిన తర్వాత కూడా కాలేజీ నుంచి వివరణ అడిగే ఉత్తరం రావచ్చు. ఎఫ్ వస్తే, ముఖ్యంగా గ్రాడ్యుయేషన్‌కి అవసరమైన కోర్సులో వస్తే, సీటుకే ప్రమాదం.

ఇంకొకటి, గ్రేడ్ అంతగా పడకపోయినా ప్రమాదమే: చెప్పకుండా కోర్సు మానేయడం. ఏపీ ఫిజిక్స్ తీసుకుంటున్నానని అప్లికేషన్‌లో రాసి, జనవరిలో దాన్ని వదిలేసి తేలికైన కోర్సులోకి మారితే కాలేజీ దృష్టిలో మీరు వాళ్లకు చూపించిన విద్యార్థి వేరు, ఇప్పుడున్న విద్యార్థి వేరు. కష్టమైన కోర్సులో బి తెచ్చుకోవడం, దాన్ని వదిలేసి తేలిక కోర్సులో ఏ గ్రేడు తెచ్చుకోవడం కన్నా మంచిదని నా గట్టి నమ్మకం. తప్పనిసరై మారాల్సి వస్తే ముందు కాలేజీలకు రాసి అడగండి, తర్వాత మారండి.

నాలుగో మెట్టు: మీరు వేసిన కాలేజీల నియమాలు విడివిడిగా చూడండి

అన్ని కాలేజీలకూ ఒకే నియమం లేదు. మనవాళ్లు ఎక్కువగా వేసేవాటి సంగతి చెబుతాను.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. అప్లికేషన్ జీపీఏ లెక్కలోకి 10, 11 తరగతుల గ్రేడ్లు మాత్రమే వస్తాయి. అప్లికేషన్‌తో ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పంపక్కర్లేదు, విద్యార్థే గ్రేడ్లు నింపుతారు. అందువల్ల సీనియర్ ఇయర్‌తో పనిలేదని కొందరు పొరబడతారు. కానీ సీటు ఇచ్చేటప్పుడు షరతుల పత్రం ఇస్తారు. సాధారణంగా పన్నెండులో ఏ కోర్సులోనూ సి కంటే తగ్గకూడదు, ఆ ఏడాది జీపీఏ 3.0 ఉండాలి. క్యాంపస్‌ని బట్టి మాటలు కొంచెం మారతాయి, పోర్టల్లో ఉన్న మీ పత్రమే ప్రమాణం. డి, ఎఫ్ వచ్చినా, కోర్సు మార్చినా మీరే చెప్పాలి. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌కు గడువు జూలై 1.

ఆ గడువును తేలిగ్గా తీసుకోకండి. 2017 వేసవిలో యూసీ అర్వైన్ (ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఒకటి) దాదాపు 500 మంది సీట్లు రద్దు చేసింది. ఆ ఏడాది అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది చేరతామన్నారు. కొందరి విషయంలో కారణం సీనియర్ గ్రేడ్లు, మరికొందరి విషయంలో కాగితాలు సమయానికి చేరకపోవడం. పెద్ద గొడవైంది, ఛాన్సలర్ క్షమాపణ చెప్పారు, కాగితాల కారణంగా సీటు పోయినవాళ్లకు తిరిగి ఇచ్చారు. గ్రేడ్ల షరతు తప్పినవాళ్లకు మాత్రం ఆ ఊరట దొరకలేదు. సీట్లు నిండిపోయిన ఏడాదిలో షరతుల్ని అక్షరం తప్పకుండా అమలుచేస్తారని దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

టెక్సస్. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. క్లాస్ ర్యాంకు ఆధారంగా ఆటోమేటిక్ అడ్మిషన్ 1997 చట్టంతో వచ్చింది. యూటీ ఆస్టిన్‌కి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి అది టాప్ 5 శాతం, అంతకుముందు 6. ఆ ర్యాంకు చాలావరకు పదకొండో తరగతి చివరికే తేలుతుంది. కానీ యూనివర్సిటీలో సీటు వేరు, కంప్యూటర్ సైన్స్‌లోనో ఇంజనీరింగ్‌లోనో సీటు వేరు.

రట్గర్స్, పెన్ స్టేట్ లాంటి చోట్ల విద్యార్థే ఆన్‌లైన్ ఫారంలో గ్రేడ్లు నింపుతారు. జూన్ తర్వాత అసలు ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోల్చి చూస్తారు. ఇక్కడ తప్పు అంకె పడితే, పొరపాటున పడినా సరే, అబద్ధంలా కనిపిస్తుంది. నింపినదాన్ని ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని మరొకరు సరిచూడాలి. మా ఇంట్లో మా ఆయన చూశారు, ఒక తప్పు దొరికింది.

మెరిట్ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు దాని షరతులు వేరుగా చదవండి. సీటు నిలిచినా స్కాలర్‌షిప్ పోవచ్చు. హెచ్-4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు కాబట్టి ఆ ఇళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

ఐదో మెట్టు: కౌన్సెలర్‌ని కలవడం

పెద్ద పబ్లిక్ స్కూళ్లలో ఒక్కో కౌన్సెలర్ మీద వందల మంది పిల్లలు ఉంటారు. మీ సమస్య వాళ్లంతట వాళ్లకు కనబడుతుందని ఆశపడకండి. మాకు మొదటి రెండు ఈమెయిళ్లకు జవాబే రాలేదు. చివరికి మా వాడే లంచ్ సమయంలో వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు, పది నిమిషాలు దొరికాయి.

వెళ్లేముందు పిల్లలు నాలుగు ప్రశ్నలు రాసుకోవాలి. మన స్కూల్ ఫస్ట్ క్వార్టర్ గ్రేడ్లు పంపుతుందా? మిడ్ ఇయర్ రిపోర్ట్ ఏ తేదీన వెళ్తుంది, అప్పటికి గ్రేడ్లు ఖరారవుతాయా? ఆ రిపోర్ట్‌లో మీరు నా పరిస్థితి గురించి రెండు మాటలు రాయగలరా? గతంలో ఇలా జరిగిన పిల్లల విషయంలో ఈ కాలేజీలు ఏం చేశాయి?

మూడో ప్రశ్న చాలా విలువైనది. ఇంట్లో జబ్బు అని విద్యార్థి రాస్తే అది ఒక మాట. అదే మాట స్కూల్ తరఫున కౌన్సెలర్ రాస్తే దానికి బరువు వేరు. యాంగ్జైటీ, ఏడీహెచ్‌డీ, తలకు దెబ్బ లాంటివి ఉంటే 504 ప్లాన్ గురించి ఇదే మీటింగ్‌లో అడగండి. పరీక్షకు అదనపు సమయం లాంటి వెసులుబాటు దానివల్ల దొరుకుతుంది. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

సబ్జెక్టు టీచర్‌ని కూడా విడిగా కలవాలి. ఎక్స్‌ట్రా క్రెడిట్ ఇమ్మని బతిమాలడానికి కాదు. ఏ పాఠం దగ్గర పోయింది, ఏ టెస్ట్ మళ్లీ రాయొచ్చు అని అడగడానికి.

ఆరో మెట్టు: కాలేజీకి రాయాలా, ఎప్పుడు, ఏమని

ఒక ఏ గ్రేడు బి అయిందని రాయకండి. వాళ్లు చూడని మచ్చను మీరే వేలుపెట్టి చూపించినట్టవుతుంది. సి లేదా అంతకన్నా తక్కువ వచ్చినా, కోర్సు మారినా, లేక తగ్గుదలకు చెప్పదగ్గ గట్టి కారణం ఉన్నా రాయాలి. నిర్ణయం ఇంకా కాకపోతే మిడ్ ఇయర్ రిపోర్ట్ వెళ్లే రోజుల్లోనే రాయాలి, రిపోర్ట్, వివరణ ఒకేసారి అందేలా.

అప్లికేషన్ ఇంకా పంపకపోతే కామన్ యాప్‌లోనే దానికి చోటుంది. కష్ట పరిస్థితుల గురించి 250 పదాల ఐచ్ఛిక ప్రశ్న ఒకటి, అదనపు సమాచారం అనే పెట్టె ఇంకొకటి. రెండోదాన్ని 2025-26 నుంచి 300 పదాలకు కుదించారు కాబట్టి విషయానికి నేరుగా రావాలి.

రాయాల్సింది విద్యార్థే, వాళ్ల సొంత ఈమెయిల్ నుంచో పోర్టల్ నుంచో. అమ్మానాన్నలు అడ్మిషన్ ఆఫీసుకు ఫోన్ చేయడం మన అలవాటు, ఆ అలవాటు ఇక్కడ హాని చేస్తుంది. పైగా 18 నిండినా, కాలేజీలో చేరినా చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే అవుతుంది, ఆ చట్టం 1974 నుంచి ఉంది. మీరు ఫోన్ చేసినా వాళ్లు వివరాలు చెప్పకపోవచ్చు.

ఉత్తరంలో ఉండాల్సినవి కొద్దిగానే. ఏం జరిగింది, ఏ కోర్సులో, ఏ గ్రేడ్. ఎందుకు, ఒకటి రెండు వాక్యాల్లో. ఇప్పటికే ఏం చేశాను: టీచర్ దగ్గర వారానికి రెండుసార్లు కూర్చుంటున్నాను, గత రెండు టెస్టుల్లో 86, 89 వచ్చాయి అన్నట్టు, చూపించగలిగిన అంకెలతో. చివర్లో మీకు ఇంకేమైనా వివరాలు కావాలంటే ఇస్తాను, నా కౌన్సెలర్ కూడా మాట్లాడగలరు అని. అంతే. టీచర్ మంచివాడు కాదని రాయకూడదు, నిజమైనా సరే. ఏడుపు ఉండకూడదు. ఏఐతో రాయించిన నున్నటి ఉత్తరం కన్నా పిల్లవాడు తన మాటల్లో రాసిన ఎనిమిది వాక్యాలు నయం. డిఫర్ అయినవాళ్లు ఆసక్తి తెలిపే ఉత్తరం ఎలాగూ రాస్తారు, అందులోనే ఒక పేరా దీనికి కేటాయించొచ్చు.

మా వాడు మూడు కాలేజీలకు రాశాడు. సెమిస్టర్ 81తో ముగిసింది, అంటే బి మైనస్. ఒకచోట సీటు వచ్చింది, ఒకచోట వెయిట్‌లిస్ట్, ఒకచోట రాలేదు. ఆ రానిది కాల్క్యులస్ వల్లే రాలేదో, ఏమైనా రాకపోయేదో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్నను నేనూ ఇక వేసుకోవడం మానేశాను.

ఏడో మెట్టు: మే 1కి ముందు అడగాల్సిన మాట

చాలా ఇళ్లలో దీన్ని వదిలేస్తారు, కానీ నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. సీట్లు వచ్చినవాళ్లు మే 1 లోపు ఒక కాలేజీని ఎంచుకుని డిపాజిట్ కట్టాలి. ఆ తర్వాత మిగతా సీట్లు చేజారిపోతాయి. ఏప్రిల్‌లోనే ఒక డి వచ్చేలా ఉందని తెలిసీ నోరు మూసుకుని, జూలైలో సీటు రద్దు ఉత్తరం అందుకుంటే అప్పుడు చేతిలో ఏమీ ఉండదు. అదే ఏప్రిల్‌లో ఈమెయిల్ పెట్టి, ఈ గ్రేడ్‌తో ముగిస్తే నా సీటు నిలుస్తుందా అని అడిగితే, జవాబును బట్టి వేరే కాలేజీని ఎంచుకునే వీలుంటుంది. అడిగితే వాళ్లకు అనుమానం వస్తుందేమోనని భయపడతారు. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎలాగూ వెళ్తుంది కదా.

భయంతో రెండు చోట్ల డిపాజిట్ కట్టకండి. అది నియమాలకు విరుద్ధం, తెలిస్తే రెండు సీట్లూ పోయే ప్రమాదం ఉంది. ఒకచోట డిపాజిట్ కట్టి మరోచోట వెయిట్‌లిస్ట్‌లో ఉండటం తప్పు కాదు.

ఎనిమిదో మెట్టు: జూన్, జూలైలలో ఉత్తరం వస్తే

ముందు ఇది గుర్తుంచుకోండి: వేసవిలో పిల్లలు తమ ఈమెయిల్ చూడరు. ఇండియా ప్రయాణంలో ఉంటే అసలే చూడరు. రోజుకోసారి ఈమెయిల్, పోర్టల్ చూడాలని ఒప్పందం చేసుకోండి.

సాధారణంగా సీటు నేరుగా రద్దు చేయరు. మీ గ్రేడ్లు తగ్గాయి, ఈ తేదీలోగా వివరణ ఇవ్వండి అని అడుగుతారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆరో మెట్టులో చెప్పిన ఉత్తరమే, ఇంకాస్త వివరంగా, డాక్టర్ కాగితమో కౌన్సెలర్ లేఖో జతచేసి పంపాలి. దాని తర్వాత కొన్ని దారులు ఉంటాయి: హెచ్చరించి వదిలేయడం, మొదటి సెమిస్టర్‌లో అకడమిక్ ప్రొబేషన్ (గ్రేడ్ల మీద ప్రత్యేక నిఘా) మీద పెట్టడం, జనవరిలో చేరమనడం, వేసవిలో ఆ కోర్సు మళ్లీ పూర్తి చేయమనడం, చివరికి రద్దు. సమ్మర్ స్కూల్‌లోనో కమ్యూనిటీ కాలేజీలోనో కోర్సు తీసుకునే ముందు, అది చెల్లుతుందా అని కాలేజీని రాతపూర్వకంగా అడగండి. చెల్లని కోర్సుకు ఆరు వారాలు పెట్టిన పిల్ల ఒకరు నాకు తెలుసు.

రద్దయితే అప్పీల్ ఉంటుంది, గడువు లోపలే వేయాలి. అప్పీల్ నడుస్తుండగానే ఇంకో దారి వెతకాలి. మే 1 తర్వాత కూడా సీట్లున్న కాలేజీల జాబితాను అడ్మిషన్ కౌన్సెలర్ల జాతీయ సంఘం ఏటా విడుదల చేస్తుంది. కమ్యూనిటీ కాలేజీ కూడా గౌరవమైన దారే. కాలిఫోర్నియాలో రెండేళ్లు అక్కడ చదివి షరతులు తీరిస్తే డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఒకదానికి గ్యారంటీ ఒప్పందంతో బదిలీ కావచ్చు. మన వారాంతపు పార్టీల్లో కమ్యూనిటీ కాలేజీ పేరు చెప్పడానికి అమ్మానాన్నలు వెనకాడతారు. పిల్లలకు ఆ వెనకాడటం కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి వేసేవాళ్లకు

అక్కడి నుంచి బ్యాచిలర్స్‌కి వేసే పిల్లలకు వరస కొంచెం వేరు. 9, 10, 11 మార్కులతోపాటు పన్నెండుకు స్కూల్ ఇచ్చే అంచనా మార్కులు వెళ్తాయి. ఇంటర్ పిల్లలకు పదకొండు అంటే ఫస్టియర్ పబ్లిక్ పరీక్ష మార్కులే కాబట్టి అవి నేరుగా కనిపిస్తాయి. అంచనా మార్కుల్ని మరీ పెంచి వేయించుకోవద్దు. బోర్డు ఫలితాలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, తేడా బాగా ఉంటే ప్రశ్నలు వస్తాయి. జేఈఈ కోచింగ్ మోజులో బోర్డు పరీక్షను వదిలేసే అలవాటు ఈ దారిలో ప్రమాదం, ఎందుకంటే అమెరికా కాలేజీ అడిగేది బోర్డు మార్కుల పత్రమే. ఐ-20 (స్టూడెంట్ వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) వచ్చింది కాబట్టి అంతా అయిపోయిందనీ అనుకోకండి. అడ్మిషన్ రద్దయితే ఐ-20 కూడా రద్దవుతుంది, వీసా స్టాంప్ ఉన్నా దానితో పని జరగదు. మార్కులు తగ్గాయని తెలిసిన వారంలోనే, విమానం టికెట్లు కొనకముందే, కాలేజీకి రాయండి. కంబైండ్ మార్కుల మెమో ఆలస్యమవుతుంటే ఆన్‌లైన్ మెమో పంపి, అసలుది ఏ తేదీకి వస్తుందో చెప్పండి.

మా వాడు ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్నాడు, మెకానికల్ ఇంజనీరింగ్. మొన్న థ్యాంక్స్‌గివింగ్‌కి ఇంటికి వచ్చినప్పుడు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మొదటి పరీక్షలో మార్కులు తగ్గాయని తనంతట తనే చెప్పాడు, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్తున్నానని కూడా చెప్పాడు. నేను ఇంకో దోసె వేసి పెట్టాను.